ఆకలి రుచెరగని ఆకు

ఉత్త చేతులతో మట్టి ముట్టుకోవద్దని ఆఫీసువాళ్ళు మా దొడ్లో బోర్డు పాతి వెళితే, మర్నాడు పొద్దున్నే మా అత్తగారు ఆ బోర్డు మీద తడి తువ్వాలు ఆరేసింది. "దేనికో ఒకదానికి పనికిరావాలిగా" అంది. మేం ఇంటికి తిరిగొచ్చి అప్పటికి ఒక్క రాత్రి గడిచింది. ఆ పంటకాలమంతా ఎలా నడవబోతోందో నాకు ఆ తువ్వాలు చూసినప్పుడే అర్థం కావలసింది.

కొండ అవతల అణువిద్యుత్తు ప్లాంటులో ప్రమాదం జరిగి, ఆ దుమ్ము వానతో కలిసి మా వీధి మీద పడ్డాక, అందరినీ బస్సులెక్కించి పట్నం అంచున ఫ్లాట్లలో పెట్టారు. మాకు మూడో అంతస్తులో రెండు గదులిచ్చారు. గోడకవతల ఎవరు తుమ్మినా మనమే చిరంజీవ అనాల్సినంత పల్చటి గోడలు. కొన్నేళ్ళకి వీధిలో ఇళ్ళు కడిగి, దొడ్లలో పైమట్టి గీకి తీసుకెళ్ళి, ఒక పంటకాలం ఉండి చూడమన్నారు. కూరలు పెంచాలి, మడి మడికీ నమూనా ఇవ్వాలి, వాళ్ళు కొలుస్తారు. ఒక గీత ఉంది. గీతకి కింద ఉంటే తినొచ్చు, ఆ ఇంట్లో ఉండొచ్చు. పైన ఉంటే లేదు.

ఆ గీత కాక నేనొకటి గీశాను. మా అమ్మాయిని ఇంట్లో అందరం బుడంకాయ అంటాం. అప్పటికింకా బడిలో వేయలేదు. నేల మీద కనిపించిందల్లా తీసి చూడాలి దానికి. ఈ మట్టి మీద ఈ పిల్లని పెంచొచ్చా లేదా, నాకు కావలసింది అదొక్కటే.

"ఒక్క మడి తప్పినా సరే, నేను పిల్లని తీసుకుని ఫ్లాటుకి వెళ్ళిపోతాను. ఆ తర్వాత నన్నెవరూ బతిమాలకూడదు" అన్నాను, అత్తగారూ మా ఆయనా ఇద్దరూ ఉండగానే.

"అలాగే పో" అంది అత్తగారు. "తప్పితే కదా. నా చేతిలో ఆకుకూర తప్పిన రోజు లేదు. నేను మాత్రం ఆ మూడో అంతస్తుకి మళ్ళీ రాను. అక్కడ చచ్చినా నేల తగలదు."

మా ఆయన వాటర్ ట్యాంకర్ డ్రైవరు. ఎంత ఇరుకు సందులోనైనా బండి వెనక్కి తిప్పగలడు గాని, మా ఇద్దరి మధ్య మాత్రం అడకత్తెరలో పోకచెక్కే. ఆ పూట కూడా ఇద్దరి మొహాలూ చూసి, టైర్లలో గాలి చూసుకోవాలని బయటికి పోయాడు.

మా అత్తగారు బతుకంతా ఆకుకూరలు పండించి మార్కెట్టులో అమ్మిన మనిషి. ఎవరింటికీ ఒట్టి చేతులతో వెళ్ళదు. ఫ్లాట్లలో ఉన్నప్పుడు కూడా బాల్కనీ డబ్బాలో పెంచిన నాలుగు కొత్తిమీర రెమ్మలైనా తీసుకుని గాని పక్కవాళ్ళ తలుపు తట్టేది కాదు. ఇంకో అలవాటు, పిల్ల మూతికి ఏదంటినా అరచేత్తో తుడవడం. బట్టతో తుడిస్తే బుగ్గ కందిపోతుందట. ఆ చెయ్యేమో గచ్చు గీకినంత గరుకు. అయినా బుడంకాయ ఏది తిన్నా ముందు వెళ్ళి ఆవిడ ఎదురుగా మొహం పైకెత్తి నిలబడేది.

ఆ వారంలోనే మట్టి మేడమ్ వచ్చింది. మట్టి పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పేరు చెప్పింది గాని మా అత్తగారు పెట్టిన ఈ పేరే నిలిచిపోయింది. చివరికి తనే ఫోన్లో "నేనండీ, మట్టి మేడమ్‌ని" అనడం మొదలుపెట్టింది. మోకాళ్ళదాకా బూట్లేసుకుని, చేతికి తొడుగులేసుకుని, మడి పక్కన గొంతుక్కూర్చుని ఒక మట్టిగడ్డ చిదిపింది.

"ఎంత గీకినా ఆ దుమ్ములోని విషం ఇందులో కొంత మిగులుతుందండీ. చిక్కేమిటంటే, అది మొక్క కంటికి అచ్చం పొటాష్ లాగే ఉంటుంది. మట్టిలో పొటాష్ చాలకపోతే వేరు దీన్ని లాక్కుంటుంది. చాలినంత ఉంటే దీని జోలికి పెద్దగా పోదు."

"ఆకలి రుచెరగదు" అంది అత్తగారు. "కడుపు నిండా పెడితే ఎంగిలికి ఎగబడదు. అంతేగా."

"అంతే. ఇదే ముక్క నేను మీటింగుల్లో గంటసేపు చెబుతాను" అంది మట్టి మేడమ్.

"మరి మొక్కలన్నీ ఒకటేనా?" అని నేనడిగాను.

"ఒకటి కాదు. టమాటా, వంకాయ, గుమ్మడి ఉన్నాయనుకోండి, వేరు కాస్త లాగినా కాయదాకా చేరేది తక్కువ. మొక్కజొన్న గింజలో ఇంకా తక్కువ. చిక్కుడు జాతిలో కొంచెం ఎక్కువ. పాలకూర, తోటకూర అయితే లాగిందంతా ఆకులోనే పెట్టుకుంటాయి. మనం తినేదీ ఆ ఆకే. వెనక చెట్ల కింద పుట్టగొడుగులు లేస్తే మాత్రం ముట్టుకోకండి. అవి అన్నిటికంటే ఘోరం."

ఆవిడ వెళ్ళాక మా అత్తగారు విత్తనాల మూటలు విప్పి ముందేసుకుని మొక్కలకి వరసలు కలపడం మొదలుపెట్టింది. "టమాటా గడుసుది. వీధిలో ఎంత రభస జరిగినా గుమ్మం దాటి లోపలికి రానివ్వదు. మొక్కజొన్న పోయిన మీ మామగారిలాంటిది, ఎవరేం చెప్పినా చెవికెక్కదు. చిక్కుడుకి కాస్త మొహమాటం. పాలకూర ఉందే, అది వట్టి పిచ్చిది. తలుపు తట్టిన ప్రతివాణ్ణీ రమ్మంటుంది."

"అంత పిచ్చిదాన్ని వేయడమెందుకు అత్తయ్యా, మానేయొచ్చుగా."

"పిచ్చిదని పిల్లని వదిలేసుకుంటామా. కడుపు నింపితే అదే బుద్ధిగా ఉంటుంది" అంది. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను మిషన్ దగ్గరికి పోయి కూర్చున్నాను. నేను బట్టలు కుడతాను. కోపం వచ్చినప్పుడు నా కుట్టు మహా నిటారుగా వస్తుంది. ఆ ఏడాది నేను కుట్టిన బట్టలు కట్టుకున్నవాళ్ళు అదృష్టవంతులు.

పోతే, దొడ్లో ఇంకొకటుంది. ఇంటి మీదికి వాలిన చెట్లకొమ్మలు, కప్పు అంచున తూముల్లో ఏళ్ళతరబడి పేరుకున్న ఎండాకులు, చెట్ల కింద గీకిన చెత్త, అన్నీ నల్ల సంచుల్లో కట్టి వెనక గోడ వెంబడి నిలబెట్టారు. నేలలోది లాగుతాయని కంచె పక్కన పొద్దుతిరుగుడు వేయించారు. "వీటివల్ల ఒరిగేది అంతంత మాత్రమే, పైవాళ్ళ ముచ్చట" అని మట్టి మేడమ్ గొణిగింది. అవి ఎదిగాక పీకించి, ఆ కాడలు కూడా సంచుల్లోకే ఎక్కించింది. లారీ వచ్చి పట్టుకుపోతుందన్నారు. మా ఆయన అడిగినప్పుడల్లా ఆఫీసులో చెప్పేది ఒకటే, రేపు.

మొదటి విడత కూరలు కోసి పంపాక, ఫోను కోసం ఎదురుచూసిన ఆ రోజులు నేను మర్చిపోలేను. ముగ్గురం ఏ పనిలో ఉన్నా చెవులు మాత్రం గూట్లో పెట్టిన ఫోను దగ్గరే. మోగినప్పుడు మా ఆయన స్పీకర్ నొక్కాడు.

"టమాటా కింద. వంకాయ కింద. మొక్కజొన్నలో దాదాపు లేదు. చిక్కుడు కింద" అంటూ చదివి, మట్టి మేడమ్ ఆగింది. ఆ ఆగడంలో మా అత్తగారు గోడ పట్టుకుంది. "పాలకూర కిందే, కానీ గీతని ఆనుకుని ఉంది. పొటాష్ పెంచండి."

పొటాష్ సంచులు వచ్చాయి. రాతిఉప్పులా తెలుపూ ఎరుపూ కలగలిసిన పలుకులు. మా అత్తగారు వాటిని గుప్పెళ్ళతో మొక్క మొదట్లో వేస్తూ, "తిను, తిను. అడ్డమైన గడ్డీ తినకు" అని పాలకూరకి చెప్పేది. పక్కనే బుడంకాయ కూడా రబ్బరు తొడుగులేసుకుని "తిను, తిను" అనేది. నేను కిటికీలోంచి చూసి పిల్లని లోపలికి పిలిచేదాన్ని. అదేమో చెవిటివాడి ముందు శంఖమే.

రెండో విడతలో పాలకూర గీతకి బాగా కిందికి దిగిపోయింది. ఆ రోజు మా అత్తగారు కూర వండి, నలుగురికీ కంచాలు పెట్టింది. నేను పిల్ల కంచం పక్కకి జరిపాను.

"పాసైన కూర కూడా పిల్లకి పెట్టనివ్వవా?"

"ఇల్లలకగానే పండగ కాదు అత్తయ్యా. మూడో విడత కూడా కానివ్వండి."

"నీ మొగుడు పెరిగింది ఈ ఆకు తినే."

"అప్పుడు కొండవతల ప్లాంటు లేదు."

అత్తగారు పిల్ల కంచం తనవైపు లాక్కుంది. పిల్ల వాటా కూర కూడా తన కంచంలోనే వేసుకుని తింది. ఆ తర్వాత ప్రతిరోజూ అంతే. ఆకు ఆవిడ తినేది, కొట్లో కొన్న కూర పిల్లకి వండేది. నా మీద పంతం కొద్దీ తింటోందనుకున్నాను. మా ఆయన తినేవాడు కాదు. తింటే ఎవరి పక్షం చేరినట్టవుతుందోనని భయం.

వానలు వెనకబట్టి చలి మొదలైంది. మూడో విడతకి విత్తనం వేసే వేళకి కొట్లో పొటాష్ అయిపోయింది. మట్టి మేడమ్‌కి ఫోన్ చేస్తే, సరుకు వచ్చేదాకా ఆగమంది.

"నేను ఆగుతాను. నేలలో తడి ఆగుతుందా" అని ఫోను పెట్టేశాక అత్తగారు నన్నడిగింది, నేనేదో తడిని ఆపేసినట్టు. విత్తనం వేసేసింది.

ఆ చలికాలం పొద్దున్నే దొడ్లో నీళ్ళ పొయ్యి వెలిగేది. అందరికీ కావలసినన్ని వేణ్నీళ్ళు. బుడంకాయ దుప్పటి చుట్టుకుని నానమ్మ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని చలి కాచుకునేది. కట్టెలు మా ఆయన తెస్తున్నాడనుకున్నాను నేను. వాళ్ళమ్మ కొంటోందనుకున్నాడు ఆయన. మడిలో ఆకు మాత్రం ముదురు పచ్చగా, అరచేయంత వెడల్పున లేచింది. ఒకరోజు నేనే నోరు జారాను.

"ఏం వేశారు అత్తయ్యా, ఇంత బాగా వచ్చింది?"

"కడుపు నిండా పెట్టాను" అంది, నిమ్మకు నీరెత్తినట్టు. కోడలు తనంత తానుగా మెచ్చుకున్నందుకు ఆ పూటంతా ఆవిడ మొహం వెలిగిపోతూనే ఉంది.

మూడో విడత ఫలితం ఫోన్లో రాలేదు. మట్టి మేడమే వచ్చింది. గేటు దగ్గర బూట్లు చూడగానే నేను మిషన్ వదిలేసి బయటికి పరిగెత్తాను. చేతిలో ఇటుకంత మీటరుంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అన్నీ కిందే ఉన్నాయి. పాలకూర పైన ఉంది" అంది. "కొంచెం కాదు. ఇంకెవరి ఆకైనా కలిసిందేమోనని మళ్ళీ కొలిచాను. మీదే."

"మీ మిషన్‌కి జ్వరం వచ్చిందేమో చూసుకో అమ్మా" అంది అత్తగారు. కానీ గొంతులో ఎప్పటి ఊపు లేదు.

మట్టి మేడమ్ మడి దగ్గరికి వెళ్ళి మీటరు కిందికి దించింది. టమాటా పాదుల దగ్గర తీరిగ్గా టిక్కుమన్నది, పాలకూర మీదికి రాగానే వానచినుకుల్లా మొదలుపెట్టింది. వేలితో పైపొర కొంచెం పక్కకి తోసి మళ్ళీ పెట్టి చూసింది. అక్కడ నెమ్మదించింది.

"ఇది కిందినించి వచ్చింది కాదు. పైన చల్లింది. ఏం వేశారండీ ఇక్కడ?"

"పొటాష్."

"కొట్లో దొరకలేదన్నారుగా."

"సంచిలోదే పొటాషా. బూడిద వేశాను. బూడిదలో ఉండేది అదే. మా అమ్మ కాలంలో సంచులెవరిచ్చారు మాకు?"

"నిజమే. బూడిదలో ఉండేది అదే" అంది మట్టి మేడమ్, చాలా మెల్లిగా. "ఏ కట్టెల బూడిద?"

మా అత్తగారు గడ్డంతో వెనక గోడ వైపు చూపించింది. అప్పుడు చూశాను నేను. నల్ల సంచుల వరస సగానికి వచ్చింది. ఖాళీ అయిన సంచులు దులిపి, మడత పెట్టి, ఎగిరిపోకుండా వాటి మీద ఇటుక పెట్టి ఉన్నాయి. ఆవిడ ఏదీ పారేయదు.

"లారీ వస్తేగా. ఊరికే కుళ్ళిపోతున్నాయని పొయ్యిలో పెట్టాను. నిప్పుల్లో పడ్డాక ఇంకేముంటుంది. నిప్పుకి చెద పడుతుందా."

మట్టి మేడమ్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "కట్టె కాలుతుంది, ఆకు కాలుతుంది. ఇది కాలదండీ. చాలావరకు బూడిదలోనే ఉండిపోతుంది. బుట్టెడు ఆకుల్లో పరుచుకుని ఉన్నది గుప్పెడు బూడిదలోకి దిగుతుంది. ఆ దుమ్ము పడిన రోజు మొట్టమొదట పట్టుకున్నది ఆ కొమ్మలూ ఆ తూముల్లో ఆకులే. మీరు మొక్కకి పొటాష్ పెట్టారు. దాంతోపాటు అదే ముద్దలో ఇదీ కలిపి పెట్టారు."

సరిగ్గా అప్పుడే బుడంకాయ లోపల్నించి పరిగెత్తుకొచ్చింది. మూతి చుట్టూ బిస్కెట్ పొడి. రోజూలాగే నానమ్మ ఎదురుగా వచ్చి మొహం పైకెత్తి నిలబడింది. మా అత్తగారి చెయ్యి లేచింది. సగం దాకా వచ్చింది. అక్కడ ఆగి, వెనక్కి వెళ్ళి, వీపు చాటుకి పోయింది.

"నానమ్మా, మూతి."

"అమ్మ తుడుస్తుంది" అంది ఆవిడ. కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. సబ్బు పెట్టి, కడిగి, గోళ్ళ సందులు చూసుకుని, మళ్ళీ సబ్బు పెట్టింది. మట్టి మేడమ్ పొయ్యి కొలిచింది, పీట కొలిచింది, గోడ పక్క సంచులు కొలిచింది. ఆవిడ ఇంకా కడుక్కుంటూనే ఉంది.

తిరిగొచ్చిన రోజునించీ నేను దాచిపెట్టుకున్న మాటలు కొన్నున్నాయి. నేను ముందే చెప్పలేదా, మీరెప్పుడు ఒకళ్ళ మాట విన్నారు గనక, అలాంటివి. అవన్నీ అనడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఒక్కటీ నోటికి రాలేదు. పీట మీద దుప్పటి చుట్టుకుని కూర్చున్న పిల్లే కళ్ళలో ఆడుతోంది. భయమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.

మర్నాడు మనుషుల ఒంట్లో ఎంత చేరిందో కొలిచే వ్యాను వస్తుందని చెప్పి మట్టి మేడమ్ వెళ్ళిపోయింది. సాయంత్రం గదిలోకి వెళ్ళేసరికి మంచం మీద బుడంకాయ సంచీ ఉంది. గౌన్లు, స్వెట్టరు, అది పక్కలో పెట్టుకుని పడుకునే గుడ్డబొమ్మ, అన్నీ పెట్టి ఉన్నాయి. మా అత్తగారు చేతులకి రబ్బరు తొడుగులేసుకుని సర్దుతోంది.

"మాటన్నావుగా, నిలబెట్టుకో" అంది నావైపు చూడకుండా. "బొమ్మని ఉతికి పెట్టాను. కొత్త సబ్బు, కుళాయి నీళ్ళు."

"మీరూ రండి అత్తయ్యా."

"ఈ చేతులు పట్టుకునా. తెచ్చి పోసింది నేను. ఎత్తిపోయాల్సిందీ నేనే."

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈసారి టైర్లు చూసుకోవాలనలేదు. లోపలికి వచ్చి వాళ్ళమ్మ చేతిలోంచి సంచీ తీసుకుని, జిప్పు తనే వేశాడు.

పొద్దున వీధి మొగలో వ్యాను ఆగింది. లోపల వెడల్పాటి కుర్చీ, వెనక ఇనప పలక. కదలకుండా కూర్చోవాలి. బుడంకాయ ఒక్క క్షణం కదలకుండా ఉండడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు బొమ్మని ఒళ్ళో పెట్టుకుని, "ఇది కూడా కదలట్లేదు చూడమ్మా" అంది. మిషను చేసే సన్నటి రొద తప్ప ఏమీ వినపడలేదు. మా ఆయన వ్యాను మెట్టు మీద, మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. అత్తగారు వ్యాను దగ్గరికి రాలేదు. రోడ్డుకి అవతలి పక్కన ఒక్కర్తే నిలబడింది.

"ఉంది" అంది మట్టి మేడమ్ తెర చూస్తూ. "లేకుండా పోదు. మీరు తిరిగొచ్చే ముందు కొలిచినప్పటి కంటే కాస్త పెరిగింది. కానీ గీతకి చాలా కింద ఉంది. భయం లేదు. ఆగిపోతే ఒంట్లోంచి దానంతటదే పోతుంది, పిల్లల ఒంట్లోంచి ఇంకా తొందరగా పోతుంది. ఆకు తినలేదు కదా?"

"తినలేదు" అన్నాను. ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చాను.

నాదీ, మా ఆయనదీ కూడా కిందే ఉంది. ఆఖరున అత్తగారు వచ్చి కుర్చీలో కూర్చుంది. కూర్చోకముందే అడిగింది, "పిల్లది ఎంత?"

చెప్పాం.

"అయితే నాది చెప్పక్కర్లేదు" అంది.

చెప్పక తప్పలేదు. ఆవిడది గీతకి పైన ఉంది. ఆకు మానేస్తే నెలల మీద దిగుతుందనీ, ఓపిక పట్టాలనీ మట్టి మేడమ్ చెబుతుంటే, మా అత్తగారు రోడ్డు మీద గంతులేస్తున్న బుడంకాయని చూస్తూ బుద్ధిగా తలూపింది. అంతకాలం పంతానికి తిన్నదనుకున్న కూర గుర్తొచ్చింది నాకు. పిల్ల వాటా కూడా తన కంచంలోనే వేసుకున్న సంగతీ గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నమే లారీ వచ్చింది. అన్నాళ్ళూ రాని లారీ అప్పుడు మాత్రం హారన్ కొట్టుకుంటూ వచ్చింది. సంచులు, పొయ్యి రాళ్ళు, మడి పైపొర అన్నీ ఎత్తుకుపోయారు. మట్టి మేడమ్ మా ఆయనతో, మిగతా మడులన్నీ పాసయ్యాయి గనకా కారణం తెలిసింది గనకా, ఇంకొక్క విడత చూశాకే ఇంటి సంగతి తేలుస్తానంది. నేను అది వింటూనే పిల్లని ట్యాంకర్ క్యాబిన్‌లోకి ఎక్కించాను. మా అత్తగారు గేటు లోపలే నిలబడి చేతులు కట్టుకుంది. పిల్ల చెయ్యూపుతుంటే తలూపింది.

మూడో అంతస్తులో మిషన్ మళ్ళీ కిటికీ పక్కన వేసుకున్నాను. కోపం లేక నా కుట్టు వంకర్లు పోయింది. మా ఆయన వారం వారం అక్కడికి వెళ్ళి వచ్చేవాడు. తెచ్చిన కబుర్లన్నీ ఒక్క తీరుగానే ఉండేవి. కొత్త మట్టి పోశారు. అసలైన పొటాష్ వచ్చింది. అమ్మ విత్తనం వేసింది. ఆకు తుంచి వాసన కూడా చూడట్లేదు. నెల నెలా వ్యాను దగ్గరికి వెళ్ళి కుర్చీలో కూర్చుంటోంది. ఇంకా పైనే ఉందట.

"ఒకసారి వచ్చి పిల్లని చూసి వెళ్ళమనండి. ఒంట్లో ఉన్నది ఇలా చూస్తే అంటుకునేది కాదుగా. మట్టి మేడమ్ కూడా చెప్పింది."

"చెప్పాను. 'అది మీ మేడమ్‌కి తెలుసు, నా చేతులకి తెలియదు' అంది."

రోజూ ఫోన్లో మాట్లాడేది మాత్రం. బుడంకాయ ఫోను చెవికి పెట్టుకుని మొట్టమొదట అడిగేది ఒకటే, "నానమ్మా, చేతులు కడుక్కున్నావా?" పిల్లకి నేను పొద్దస్తమానం చెప్పేమాట అది, దాన్నే అది ఆవిడకి అప్పజెప్పేది. అటునించి కుళాయి తిప్పిన చప్పుడు వినపడేది. తర్వాత "కడుక్కున్నానే తల్లీ" అనేది. నేను మిషన్ చక్రం తిప్పడం ఆపి, పిల్ల వంక చూడలేక కిటికీలోకి చూసేదాన్ని. అడగొద్దని చెబుదామనుకున్నాను చాలాసార్లు. ఎలా చెప్పాలో తెలియలేదు.

చలి పోయి ఎండ ముదిరింది. ఒక పొద్దున తలుపు తట్టారు. నేను నోట్లో గుండుసూదులతోనే వెళ్ళి తీశాను. మా అత్తగారు. మూడంతస్తులూ ఎక్కి ఆయాసపడుతోంది. వెంట సంచీ లేదు, బుట్ట లేదు, చేతిలో కాయ గాని ఆకు గాని లేదు. ఆవిడ ఒట్టి చేతులతో ఒక గడప ముందు నిలబడడం నేను చూడడం అదే మొదలు.

"ఏమీ తేలేదు" అంది. అందుకే సిగ్గుపడుతున్నట్టు లోపలికి రాలేదు.

నేను గుండుసూదులు తీసి గోడకున్న సూదుల దిండుకి గుచ్చాను. "లోపలికి రండి అత్తయ్యా."

"ముందు విను. నాది గీత కిందికి దిగింది. నిన్న చెప్పారు. పాలకూర కూడా కిందే, బాగా కింద. మట్టి మేడమ్ ఉండొచ్చంది. నాలుగు కట్టలు కోసి తెద్దామని మడి దాకా వెళ్ళాను. చెయ్యి రాలేదు." ఊపిరి తీసుకుంది. "ఇంకెప్పుడూ ఆ దొడ్లో ఆకుకూర వేయను. టమాటా వేసుకుందాం, మొక్కజొన్న వేసుకుందాం. లోపలికి దేన్నీ రానివ్వనివే వేద్దాం. మాట నీది కదా, ఇక నువ్వు చెప్పు."

బతుకంతా ఆకు అమ్మిన మనిషి అంటున్న మాట అది. జవాబు చెప్పేలోపే నా వెనకనించి బుడంకాయ దూసుకొచ్చింది. మూతి నిండా జామ్. గడప మీద ఆగి, ఏమీ మర్చిపోనట్టు, మొహం పైకెత్తి నిలబడింది.

"చేతులు కడుక్కున్నావా నానమ్మా?"

"కడుక్కున్నాను" అంది ఆవిడ. కానీ రెండు చేతులూ వెనక్కే పోయాయి.

నేను గడప దాటి వెళ్ళి ఆవిడ వీపు చాటునించి కుడిచెయ్యి పట్టి ముందుకు లాగాను. ఆవిడ బిగదీసుకుంది. నేను వదల్లేదు. ఆ చేత్తోనే పిల్ల మూతి ఒక పక్క తుడిచాను. రెండో పక్కకి వచ్చేసరికి నేను పట్టుకోనక్కర్లేకపోయింది.

"గరుకు" అంది బుడంకాయ, కళ్ళు మూసుకుని.

మిషన్ మీద సగం కుట్టిన చొక్కా అలాగే వదిలేసి, మంచం కిందనించి పిల్ల సంచీ బయటికి లాగాను.